ఉద్దానమున శరదాగమము – కావ్యసమయమును, దేశకాలమును

శరదృతువనగా ఆశ్వయుజ కార్తిక మాసములని పంచాంగము చెప్పుచున్నది. మేఘములు వెలిసి ఆకాశము తేటపడుట, ఏటినీరు తేరుకొనుట, రెల్లు పూచుట, హంసలు మరలివచ్చుట, వెన్నెల పిండియారబోసినట్లు కాయుట ఇవి కవులు శరత్తునకు చెప్పిన లక్షణములు. ఋతువర్ణనము చదివిన ప్రతి విద్యార్థియు వీనిని అప్పజెప్పగలడు. అయితే ఈ లక్షణములు ఏ దేశమునందు, ఏ దినములయందు, ఎంతమేరకు నిజమగునను ప్రశ్న మన తరగతులలో అరుదుగా వినబడును. కావ్యమునందలి శరత్తును పరీక్షకు, ఊరిలోని శరత్తును బ్రతుకునకు విడిచిపెట్టి, ఒకదానితో ఒకటి పలుకరించుకొనకుండ చేయుచున్నాము. ఆ రెండింటిని ఒకచోట నిలిపి చూచుట ఈ వ్యాసోద్దేశము. అందులకు శ్రీకాకుళ మండలమునందలి ఉద్దానమును ఎన్నుకొంటిమి. ఎన్నుకొనుటకు కారణము ముందు తెలియగలదు.

మొదట ఒక పదవిచారము అవసరము. ఆంగ్లకవితను బోధించునపుడు 'ఆటమ్' అను మాటకు 'శరత్తు' అని అర్థము చెప్పుచున్నాము. కాలగణనమున ఇది చాలవరకు సరియే. భావమున మాత్రము ఈ రెండు ఋతువులకు దూరమెక్కువ. ఆ దేశములలో అది ఆకులు పండి రాలు కాలము. కీట్సు మహాకవి 1819 సెప్టెంబరులో రచించిన ప్రసిద్ధగీతమున పండిన ఫలములును, కోసిన చేలును, రానున్న చలియు ఉన్నవి. మనకు ఆకురాలు కాలము శిశిరము. శరత్తున మన చెట్టు రాల్చదు. వానలో కడుగబడిన ఆకుతో నిండుగా నిలుచును. పడమటివారికి అది ముగింపు ఋతువు. మనకు వానాకాలపు నిర్బంధము వీడి కదలుటకు వీలైన ప్రారంభఋతువు. వాల్మీకి రామాయణమున రాముడు వర్షాకాలమంతయు ప్రస్రవణగిరిపై వేచి, శరత్తు రాగానే సుగ్రీవుని మాటను గుర్తుచేయుట ఇందువలననే. రాజులు దండయాత్రకు బయలుదేరుటకును ఇదియే అదను.

ఆ దండయాత్రయే మనలను ఉద్దానమునకు చేర్చును. కాళిదాసు రఘువంశము నాల్గవ సర్గమున శరత్తును వర్ణించి, ఆ శరత్తునందే రఘువును దిగ్విజయమునకు పంపెను. రఘువు తూర్పుదిక్కున వంగదేశము దాటి, ఏనుగులను వంతెనగా నిలిపి కపిశానదిని గడచి, ఉత్కలులు త్రోవచూపగా కళింగమునకు వచ్చెను. అచట మహేంద్రపర్వతముకడ కళింగరాజును గెలిచి, పట్టి విడిచెను. అతని సంపదను గైకొనెనే కాని భూమిని గైకొనలేదు. గెలిచిన యోధులు తమలపాకుల దొప్పెలతో కొబ్బరికల్లు త్రాగిరని కవి చెప్పెను. పిదప సేన పోకచెట్ల వరుసలుగల సముద్రతీరము వెంట దక్షిణమునకు సాగెను. ఈ ఘట్టమును చదువునపుడు మన విద్యార్థులు కళింగమును పురాణములలోని పేరుగా దాటిపోవుచుందురు. ఆ మహేంద్రపర్వతము నేడును ఉన్నది. సుమారు 1500 మీటర్ల ఎత్తుగల ఆ శిఖరము ఒడిశాలోని గజపతి జిల్లాకు చెందినను, మందస ప్రాంతమున నిలిచినవారికి వాయవ్యదిక్కున అడ్డముగా కనబడుచుండును. తూర్పు గాంగరాజులు తమ తామ్రశాసనములలో ఈ మహేంద్రశిఖరమున వెలసిన గోకర్ణస్వామిని స్మరింపక శాసనమును ప్రారంభింపరైరి. కావున కాళిదాసుని శరత్తు నడచివచ్చిన కళింగములోనిదే మన ఉద్దానము. కావ్యమునకును దేశమునకును ఇంతకన్న దగ్గరి కూడలి తెలుగునేలపై దొరకుట అరుదు.

ఉద్దానమను పేరు 'ఉద్యానము' అను మాటనుండి వచ్చినదని చెప్పుదురు. మహేంద్రగిరి పంక్తులకును బంగాళాఖాతమునకును నడుమ, పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురము మండలములందు వ్యాపించిన తోటల సీమ ఇది. ఇసుకపాలు హెచ్చుగాగల నేలలు. కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి ఇచటి చెట్లు. పలాస జీడిపప్పునకు పేరుపొందినది. కొండలనుండి దిగు నీరు గెడ్డలుగా పారి చెరువులు నింపును; మహేంద్రతనయ బారువవద్దను, బాహుదానది ఇచ్ఛాపురపు చేరువను సముద్రమున కలియును. సోంపేట, కవిటి, కంచిలి ప్రాంతములలో వాననీరు నిలుచు విశాలమైన పల్లపుభూములను 'బీల' యందురు. తోట, చెరువు, పల్లము, గరువు, ఏరు, సముద్రము, కొండ ఇన్నియు ఒక పూటలో నడచి చూడదగినంత దగ్గరగా నున్న చోటు ఇది. ఇటీవల ఉద్దానమనగానే మూత్రపిండముల వ్యాధియే పలువురకు స్ఫురించుట విచారకరము. ఆ బాధ నిజమైనది. ఆ బాధతోపాటు తోట అను అర్థమును మరచిపోకుండుటయు న్యాయమే.

ఇక కవులు చెప్పిన లక్షణములను ఒక్కొక్కటిగా ఈ నేలమీద పెట్టి చూతము.

మొదటిది నీరు తేరుట. అగస్త్యనక్షత్రము ఉదయింపగా నీరు నిర్మలమగునని కవులందురు. రఘువంశమునందును ఇది కలదు. ఇందు ఖగోళసత్యము కొంత కలదు. ఆ నక్షత్రము దక్షిణదిశయందు చాల క్రిందుగా నుండుటచే ఉత్తరదేశమున ఆలస్యముగను, దక్షిణదేశమున ముందుగను వేకువవేళ కనబడ నారంభించును. ఉద్దానమున అది శ్రావణమాసమునందే తెల్లవారుజామున తొంగిచూడగలదు, మబ్బులు చూడనిచ్చినచో. ఆశ్వయుజము వచ్చుసరికి నడిరేయి దాటిన పిదప ఆగ్నేయ దక్షిణముల నడుమ సముద్రముపై లేచి, వేకువకు తిన్నగా దక్షిణమున నిలుచును. కాబట్టి ఇచట అగస్త్యోదయము శరత్తునకు ప్రారంభసూచన కాజాలదు. ఆకాశము తేటపడినదనుటకు సాక్ష్యము మాత్రము కాగలదు. నీరు తేరుటకు కారణము నక్షత్రము కాదనియు, వరదవేగము తగ్గి ఒండ్రు అడుగున చేరుట కారణమనియు వేరుగ చెప్ప నవసరము లేదు. మహేంద్రతనయ వంటి చిన్న ఏరు కొండనుండి సముద్రమునకు దూరము తక్కువగా పారునది. వానకు ఎంత త్వరగా ఎర్రబారునో, వాన నిలిచినంతనే అంత త్వరగా తేరును. ఇచటివారికి ఏటినీటి తేట ఋతువును తెలుపు గుర్తు మాత్రమే కాదు. కొండలో నిన్న వాన పడినదా లేదా యను వార్తయు అదియే.

రెండవది రెల్లుపూత. దీనియందు కావ్యమునకును దేశమునకును భేదము లేదు. భాద్రపదము చివరనుండి వంశధార గట్లమీదను, మహేంద్రతనయ ఇసుకదిబ్బలమీదను రెల్లు తెల్లగా పూచి గాలికి ఒకవైపు ఒరుగును. కవులు దీనిని చామరములతోను, తెల్లని వస్త్రముతోను పోల్చిరి. రైతు దీనిని వేరొక విధమున చదువును. రెల్లు పూచెనన్న వరద ఉద్ధృతి తగ్గినదను నమ్మకము. పూచిన రెల్లును మరల వరద ముంచిన సంవత్సరములును గలవు కావున, నమ్మకమే కాని నిశ్చయము కాదు.

మూడవది హంసలు. వానాకాలమున హంసలు మానససరస్సునకు పోయి శరత్తున మరలివచ్చుననుట ప్రసిద్ధ కవిసమయము. తలపై నల్లని పట్టెలుగల పెద్దబాతు జాతి హిమాలయములకు ఆవలి సరస్సులలో పిల్లలు చేసి, శరత్తున పర్వతములు దాటి మన దేశమునకు దిగుట పక్షిశాస్త్రజ్ఞులు ఎరిగిన విషయము. కావ్యములలోని హంస ఇదియేనని పలువురి అభిప్రాయము. కనుక ఈ కవిసమయము ఉత్తరదేశమున కండ్లార చూచినదానికి కట్టిన రూపము. ఉద్దానపు చేరువకు వచ్చు అతిథులు వేరు. టెక్కలి మండలములోని తేలినీలాపురమునకు సెప్టెంబరు అక్టోబరు దినములనుండి గూడబాతులును, ఎర్రకాళ్ళ కొంగలును వచ్చి, ఊరి చెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, వేసవి ముదురకముందే వెడలిపోవును. నౌపడా ఉప్పునీటి పల్లములు వాటికి మేతభూములు. ఇవి సైబీరియానుండి వచ్చునని లోకమున వాడుక. నిజమునకు ఈ రెండు జాతులును మన దక్షిణాసియా పక్షులే. మేతను, నీటిని అనుసరించి చోటు మార్చునవి. దూరదేశమునుండి వచ్చుననుకొనుటలో గౌరవము కలదు. హంసలు మానసమునుండి వచ్చుననుటలోని భావమే ఇందును కలదు. ఊరివారు వీని రాకను శుభముగా భావింతురు. ఇచ్ఛాపురము మండలములోని తేలుకుంచిలో ఇందుకు భిన్నమైన క్రమము కనబడును. అచటికి వచ్చు నత్తగుల్లకొంగలు తొలకరితో వచ్చి, శరత్తు కడపట వెడలును. ఒక ఊరినుండి ఒక జాతి లేచుచుండగా మరొక ఊరిలో వేరొక జాతి దిగుచుండును. శరత్తు రెండు రాకపోకల నడిమి గడపయని చెప్పుటకు ఇంతకన్న మంచి దృష్టాంతము ఏ అలంకారగ్రంథమున వెదకవలెను?

నాల్గవది వరిచేను. రఘువంశమున శరత్తు నాటికి వరి పండుటకు వచ్చినది. చెరకునీడన కూర్చున్న కావలికాంతలు రాజు కీర్తిని పాడుచున్నారు. ఉద్దానపు పల్లములలో ఆషాఢ శ్రావణములందు ఉభాలు జరుగును. ఉభాలనగా ఈ సీమలో వరినాట్లు. ఆ చేను ఆశ్వయుజమునాటికి పండదు. పొట్టమీద నుండును, లేదా అప్పుడే వెన్ను తీసి పాలుపోసుకొనుచుండును. కోత కార్తికము చివరను, మార్గశిరమునను. కావున కాళిదాసుని చేను నిశ్చింతగా పాట వినుచున్నది. ఉద్దానపు చేను ఇంకను ఆకాశమును నమ్ముకొని యున్నది. ఉత్తర, హస్త కార్తెలలో ఒక వాన పడకున్న పొట్ట ఎండును. చిత్త, స్వాతి కార్తెలలో గాలితో వాన పడిన వెన్ను తాలుపోవును, చేను నేలవాలును. వాన రావలెను, వచ్చినది పోవలెను. ఈ సన్నని సందున శరత్తు నడచును.

ఐదవది వెన్నెల. నన్నయభట్టు భారతరచన అరణ్యపర్వమున శారదరాత్రుల వర్ణనముతో నిలిచినదని తెలుగువారి కందరకు తెలిసిన విషయము. నక్షత్రములు, విరిసిన కలువల తావిని మోయు గాలి, కర్పూరపు పొడివంటి వెన్నెల ఆ పద్యమున నిండియున్నవి. ఎఱ్ఱన ఆ పర్వశేషమును శరత్కాల ప్రభాతముతోనే ప్రారంభించెను. రెండు శతాబ్దులకు పైగా తెగిన కథను ఒకే ఋతువు అతికినదన్నమాట. నన్నయ రాజమహేంద్రవరమున వ్రాసిన వెన్నెలయు, ఉద్దానపు కొబ్బరితోటలమీద కాయు వెన్నెలయు ఒకే తీరపు వెన్నెలలు. బీలలో కలువ పూచును. కొబ్బరిమట్టలు తడియారక వెన్నెలలో మెరయును. జీడిమామిడి చెట్టు వానల తరువాత రాగిరంగు లేతాకు తొడుగును. దసరా, అట్లతద్ది, దీపావళి, నాగులచవితి వరుసగా వచ్చును. దీపావళినాటి సాయంకాలము పిల్లలు గోగుపుల్లలకు నూనెగుడ్డలు చుట్టి వెలిగించి నేలకు కొట్టుచు పాడు పాటలోనే రానున్న నాగులచవితి పేరును చేర్చుట ఆంధ్రదేశమున వాడుక. ఒక పండుగ చేతిలో వెలుగుచుండగా తరువాతి పండుగను పిలుచుట శరత్తునకు తగిన ఆచారము. కార్తికమున శివాలయముల ధ్వజస్తంభములపై ఆకాశదీపములు వెలుగును. బారువ తీరమున సముద్రస్నానములు జరుగును.

ఇంతవరకు చూచినదానినిబట్టి, కొన్ని సవరణలతో కావ్యశరత్తు ఉద్దానమునకు సరిపోవుచున్నదనవచ్చును. అయితే కావ్యములలో లేనిది ఒకటి ఇచటి శరత్తున కలదు. అది గాలివాన.

బంగాళాఖాతమున తుఫానులు పుట్టుటకు రెండు కాలములు ప్రసిద్ధములు. ఒకటి నైరుతిఋతుపవనమునకు ముందు; రెండవది దాని తరువాత, అక్టోబరునుండి డిసెంబరు వరకు. నైరుతిగాలి ఈ తీరమును విడుచునది సుమారు అక్టోబరు నడుమ. అప్పుడు సముద్రజలము ఇంకను వెచ్చగా నుండును. ఋతుపవనము బలముగా నున్నపుడు పైగాలులును క్రిందిగాలులును వేర్వేరు వేగములతో వీచి, మేఘరాశిని నిలువుగా పెరుగనీయవు. ఆ ఒత్తిడి సడలినపుడు అల్పపీడనము వాయుగుండమై, వాయుగుండము తుఫానై ఎదుగుటకు వీలు కలుగును. అనగా కవులు కొనియాడిన గాలినెమ్మదియే తుఫానునకు ఊయెల. శరత్తు తేటకును శరత్తు భయమునకును కారణమొక్కటే యగుట గమనింపదగినది.

ఇటీవలి మూడు తుఫానుల తేదీలను చూడుడు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురమువద్ద తీరము దాటెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణముపై దాటెను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాసకు చేరువనే దాటెను. గాలివేగము గంటకు 140 నుండి 150 కిలోమీటర్లు. ఈ మూడును ఆశ్వయుజమునందే వచ్చినవి. సూర్యుడు హస్తను విడిచి చిత్తలో ప్రవేశించు దినములకు అటునిటు వచ్చినవి. వీనిలో ఫైలిన్, తిత్లీ దేవీనవరాత్రులలో వచ్చినవి. వీని పేర్ల యర్థములును చిత్రమైనవి. ఫైలిన్ అనగా థాయిభాషలో నీలమణి. హుద్‌హుద్ అనగా అరబ్బీలో కూకుడుగువ్వ. తిత్లీ అనగా హిందీలో సీతాకోకచిలుక. మణి, పక్షి, సీతాకోకచిలుక మూడును శరద్వర్ణనమున ఒదుగదగిన వస్తువులే. పేరు పెట్టినవారు ఈ సంగతి ఎరుగరు; ఋతువు మాత్రము తన అలంకారములను తానే ఎన్నుకొన్నట్లున్నది.

తిత్లీ ఉద్దానమున చేసిన నష్టమును పంటనష్టమను ఒక్క మాటలో ఇముడ్చుట సరికాదు. వరి పోయినచో ఒక సంవత్సరపు శ్రమ పోవును. మరుసటి తొలకరికి మరల నారు పోయవచ్చును. కొబ్బరి పొడుగురకపు మొక్క నాటిన ఆరు ఏడు సంవత్సరములకు గాని కాపు పట్టదు. నిండుకాపునకు ఇంకను కాలము పట్టును. తండ్రి నాటినది కుమారుడు కోయునట్టి చెట్టది. జీడిమామిడియు, పనసయు వేళ్ళతో లేచిపడినచో మరల నిలుపరానివి. ఒక తెల్లవారుజామున కూలినది అనేక శరత్తులు కట్టిన తోట. నాటినుండి ఈ సీమ కుటుంబములలో కొందరు తిరిగి మొక్కలు నాటిరి. కొందరు దూరనగరములకు పనికి పోయిరి. తోటతోపాటు తోటమాటలును చెదరుట భాషాధ్యయనము చేయువారు గుర్తింపవలసిన నష్టము.

ఇట్టి సీమలో శరత్తును జనులు అనుభవింతురా? అనుభవింతురు. ఎట్లు అనుభవింతురనుటయే ఈ వ్యాసమున మేము చెప్పదలచిన ముఖ్యాంశము. కావ్యమున శరదానందమునకు మూలము భయనివృత్తి. వాన పోయినది, ఇక రాదు. ఉద్దానమున శరదానందమునకు మూలము అట్టి నిశ్చయము కాదు. ఈ దినము ఆకాశము తేటగా నున్నది, మహేంద్రగిరి నీలముగా దగ్గరగా కనబడుచున్నది, చేను పాలుపోసుకొనుచున్నది. రేపటి సంగతి సముద్రము చెప్పవలెను. కళింగపట్టణము రేవున ప్రమాదసూచిక ఎగురవేసిరన్న వార్త వచ్చువరకు ఈ తేటదనము మనది. ఇందువలన ఆనందము తగ్గదు. ఎరుకతో కూడినదై చిక్కనగును. ఇల్లు అలికి తోరణము కట్టువాడు పైకప్పు తాళ్ళను బిగించుటయు మానడు. తోరణమును కట్టిన చేయియు, తాడును బిగించిన చేయియు ఒక్కటే. ఈ రెండు పనులు ఒక్క ఋతువునకు చెందినవని తెలిసిన రసికత ఉద్దానపు రసికత.

ఇట్టి రసికతకు సాహిత్యమున స్థానము లేదనరాదు. తూర్పుననే జపాను దేశమునకును శరత్తు తుఫానుల కాలము. ఆ భాషలో శరత్కాలపు పెనుగాలికి 'నోవకి' అని పేరు. పొలములను చీల్చునదియని దాని యర్థము. పదునొకండవ శతాబ్ది ప్రారంభమున మురసకి అను విదుషి రచించిన గెంజి కథలో ఇరువదియెనిమిదవ అధ్యాయమునకు ఆ గాలి పేరే పెట్టబడినది. ఆ కాలపు మరియొక రచయిత్రి సెయ్ షోనగోన్ గాలి వెలిసిన మరునాటి ఉదయపు శోభను తన గ్రంథమున ప్రత్యేకముగ పేర్కొనెను. విరిగిన కొమ్మలు, చెదరిన తెరలు, కడుగబడిన వెలుగు ఇవి వారికి శరద్వర్ణనమునందలి భాగములే. నన్నయ శారదరాత్రులను వర్ణించినదియు ఆ శతాబ్దిలోనే. ఒకే నూరేండ్లలో ఆసియాతీరములందు రెండు భాషలు శరత్తును వర్ణించినవి. ఒకటి గాలిని లోనికి రానిచ్చినది. రెండవది సంస్కృతకావ్యమార్గమును అనుసరించి గాలిని కలువతావి మోయుటకే నియమించినది. ఇందు హెచ్చుతగ్గులు నిర్ణయించుట మా యభిప్రాయము కాదు. కవిసమయము తాను పుట్టిన దేశపు ఆకాశమును వెంటబెట్టుకొని వచ్చునని చూపుటయే.

తెలుగున గాలివానకు సాహిత్యగౌరవము కలిగినది ఆధునికకాలమున. పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' కథ 1952లో అంతర్జాతీయ కథలపోటీలో ద్వితీయబహుమతి పొందుట సుప్రసిద్ధము. తుఫాను అను మాట అన్యభాషనుండి వచ్చినది, గాలివాన మనది. గాలియు వానయు వేర్వేరుగా మేలుచేయునవి, కలిసినపుడు కీడుచేయునవి అను అనుభవము ఆ సమాసమునందే ఉన్నది. ఇట్టి మాటలు కార్తెల చుట్టును, ఏటి చుట్టును, చేని చుట్టును ఇంకను ఎన్ని కలవో మనము పూర్తిగ కూర్చుకొనలేదు.

ఇందుండి ఉపాధ్యాయులకును, పరిశోధక విద్యార్థులకును రెండు పనులు ఏర్పడుచున్నవి. మొదటిది బోధనమునకు సంబంధించినది. రాజశేఖరుడు కావ్యమీమాంసలో దేశవిభాగమును ఒక అధ్యాయమునను, కాలవిభాగమును తరువాతి అధ్యాయమునను చెప్పెను. ఆ రెండు అధ్యాయములను ప్రక్కప్రక్కల ఉంచి చదువుట మనము మరచితిమి. శరద్వర్ణనమును బోధించునపుడు, ఇందు ఏది మీ ఊరిలో కలదు, ఏది లేదు, మీ ఊరిలో నున్నది ఏది ఇందు లేదు అని విద్యార్థిని అడుగవలెను. ఈ మూడవ ప్రశ్నయే ముఖ్యము. ఉద్దానపు విద్యార్థి గాలివాన యని చెప్పును. అనంతపుర విద్యార్థి వేరొకటి చెప్పును. పద్యము చిన్నబోదు. తన ఆకాశముతో పోల్చి చదివినవానికి నన్నయ వెన్నెల మరింత విలువైనదగును. ఆ వెన్నెల ప్రతి సంవత్సరమును దొరకునది కాదని వానికి తెలియును.

రెండవ పని సేకరణము. గరువు, గెడ్డ, బీల, ఉభాలు వంటి మాటలు నిఘంటువులలో ఒక పంక్తి అర్థముతో నిలిచినను, వాని చుట్టునున్న ఋతుజ్ఞానము పెద్దల నోటనే ఉన్నది. బీల సంగతి ఇందులకు నిదర్శనము. సోంపేట బీలను బంజరుభూమిగా లెక్కించి విద్యుత్కేంద్రమునకు కేటాయింపగా, అది తమకు మేతయు, చేపయు, నీరును ఇచ్చు భూమియని జనులు ఎదురుతిరిగిరి. 2010 జూలై 14న జరిగిన కాల్పులలో ప్రాణములు పోయినవి. పిదప ఆ కేంద్రము రాలేదు. బీల అను మాటకు బంజరని అర్థము వ్రాసినవారికిని, శరత్తున దానిలో నీరును, కలువలును, కొంగలును చూచినవారికిని నడుమ జరిగిన వివాదమది. పదమునకు సరియైన అర్థము వ్రాయుట పండితుల విలాసము కాదని తెలియుటకు వేరొక ఉదాహరణ మక్కరలేదు. ఏ పదము ఏ కార్తెలో, ఏ నీటిమట్టమున, ఏ పనికై వాడబడునో తోటల పెద్దలనడిగి వ్రాసికొనుట ఇపుడే జరుగవలెను. తోట మరల పెరుగుటకు ఏడేండ్లు చాలవచ్చును. పోయిన మాట ఎన్నేండ్లకును చిగురింపదు.

వేదకాలపు భాషలో శరత్తనగా సంవత్సరము. నూరు శరత్తులు జీవింపుమని దీవించిరి. వాన గడచి, వరద గడచి, వ్యాధి గడచి శరత్తును చేరినవాడు ఆ సంవత్సరమును గెలిచినట్లే యని ఆ దీవెనకు అర్థము చెప్పవచ్చును. మిగిలిన దేశమున ఈ లెక్క మరుగుపడినది. ఉద్దానమున పడలేదు. చిత్త, స్వాతి గడచి, కార్తికపు ఆకాశదీపము నిలకడగా వెలిగి, చేను కళ్ళమునకు వచ్చిన ఇంట ఒక సంవత్సరము నిజముగ పూర్తియైనది. ఆ ఇంటివారు అనుభవించిన శరత్తు కావ్యములోని శరత్తుకంటె పొట్టిది కావచ్చును. అందలి ప్రతి తేటదినమును వారు లెక్కపెట్టుకొని యుందురు.